లూయీ రాజు కుర్చీకి జత

ఒమాన్‌లో అల్ హైల్ అనే ఊళ్ళోని ఫర్నిచర్ కార్ఖానాకు ఆ కుర్చీ నాలుగు దుప్పట్లు కప్పుకుని వచ్చింది. పికప్ వెనక ఒక మనిషి దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకుని కూర్చున్నాడు. కిందికి దించి దుప్పట్లు ఒక్కొక్కటే విప్పుతుంటే, లోపల పచ్చి బాలింత ఉందేమో అన్నట్టు పనివాళ్ళంతా ఒక అడుగు వెనక్కి తగ్గి నిలబడ్డారు.

ఆఖరి దుప్పటి తీయగానే వడ్ల ఇస్తారి చేతిలోని చాయ్ గ్లాసు పక్కన పెట్టేశాడు.

ఒళ్ళంతా బంగారు రంగు. కాళ్ళు నాలుగూ తిన్నగా లేవు. మోకాలి దగ్గర ముందుకు ఉబ్బి, మడమ దగ్గర లోపలికి వంగి, కొసన చిన్న చుట్ట చుట్టుకుని, నేలను ముట్టీ ముట్టనట్టు నిలబడ్డాయి. చేతులు ఆనించే చోట తీగలు, తీగలకు ఆకులు, ఆకుల సందున పూలు. వీపు వైపు పట్టుగుడ్డ చుట్టూ చెక్కిన చట్రం, దాని నెత్తిన కిరీటంలా ఒక పెద్ద గవ్వ. ఆ గవ్వ నిటారుగా లేదు. గాలికి ఒరిగిన తలపాగా కుచ్చులాగా కుడిపక్కకు వాలి ఉంది.

“ఎవల కుర్చీ భాయ్ ఇది?” అన్నాడు ఇస్తారి.

“ఫ్రాన్స్ బాద్షాది,” అన్నాడు ఫోర్‌మన్ ఇనాయత్. హైదరాబాద్ యాకుత్‌పురా మనిషి, గడ్డానికి గోరింటాకు, వేళ్ళకు ఎప్పటికీ వదలని పాలిష్ మరక. “లూయీ అని ఉండె. పదిహేనో లూయీ.”

“పదిహేనోడా? ముందు పద్నాలుగు మంది గదే పేరు వెట్టుకున్నరా?”

“పెట్టుకున్నరు. తర్వాత గూడ ఉన్నరంట.”

“మా ఊర్ల రాజయ్యలే నయం. తొమ్మిది మందే ఉన్నరు.”

“నవ్వకు మియా. ఇది అసలు కాదు, నకల్. బాద్షా కుర్చీని చూసి ఈజిప్టోళ్ళు దీన్ని చేసిన్రు. దీన్ని చూసి నువ్వు ఇంకోటి చెయ్యాలె. దీని పక్కన పెట్టేదానికి. సేమ్ సేమ్. వెంట్రుక వాసి తేడా రావొద్దు.”

“ఎన్ని రోజులు?”

“ఇరవై. కుర్చీగల్ల బీబీ వచ్చి చూసి జైన్ అన్నదనుకో, బాగున్నదని అర్థం, నువ్వు ఈడనే ఉంటవ్, నగిషీ మేస్త్రీవి. మన సేట్, అర్బాబ్, మాట ఇచ్చిండు. కాదన్నదనుకో, తెల్లారి రుస్తాఖ్ బండి ఎక్కుడే.”

రుస్తాఖ్ మాట వినగానే ఇస్తారి పక్కన పెట్టిన చాయ్ గ్లాసు తీసి ఒక్క గుక్కలో తాగేశాడు.

రుస్తాఖ్ ఊరి మీద అతనికి కోపమేమీ లేదు. కొండల నడుమ మంచి ఊరు, వేడినీళ్ళ ఊట ఉంది, ఖర్జూరం తోటలున్నాయి. అక్కడ అతను చేసే పని మీదే అతని ఏడుపంతా. జగిత్యాల దగ్గర, గోదారికి రెండు కోసుల దూరంలో అతని ఊరు. తాత ఎడ్లబండ్లకు పేరు మోసిన వడ్లాయన. తండ్రి చెక్కిన దర్వాజలు చుట్టుపక్కల ఏడూళ్ళలో ఉన్నాయి. తొమ్మిదేళ్ళకే ఇస్తారి చేతికి ఉలి వచ్చింది. ఎనభై తొమ్మిదిలో ఒమాన్ వీసా మీద ‘కార్పెంటర్’ అని రాసి ఉంటే, నా కులం పని నన్ను వెతుక్కుంటూ వచ్చిందని పొంగిపోయాడు. తీరా వచ్చి చూస్తే రుస్తాఖ్‌లో ఇదే అర్బాబ్ సైటు మీద ప్లైవుడ్ పలకలు నిలబెట్టి మేకులు కొట్టడం. ఆ పలకల నడుమ కాంక్రీటు పోస్తారు. అది గట్టిపడ్డాక ఆ మేకులన్నీ పీకి, పలకలు ఊడగొట్టి, ఇంకో చోట మళ్ళీ కొట్టడం. చేసిన పనిని చేసినవాడే కూలగొట్టే వడ్రంగం ఒకటి ఉంటుందని అతనికి అప్పటిదాకా తెలియదు. ఐదేళ్ళయింది. ఉలి పట్టే చేతికి సుత్తె కాయలు కాశాయి.

పైగా ఇంటి దగ్గర పెళ్ళాం గౌరవ్వ ఒకతి. మాటలు క్యాసెట్టులో రికార్డు చేసి, ఊరికి వచ్చి పోయే వాళ్ళ చేత పంపుతుంది. పోయినసారి క్యాసెట్టులో పిల్లల దగ్గూ జ్వరాలూ అయ్యాక ఇలా అన్నది: “మీ ఆయన ఆడ ఏం పని చేస్తుండని ఊర్లె అందరు అడుగుతున్నరు. షేకుల ఇండ్లల్ల నగిషీలు చెక్కుతుండని చెప్తున్న. నిజమే గదా?” జవాబుగా ఇస్తారి మూడు క్యాసెట్లు పంపాడు. వానలు ఎట్లా పడ్డాయని అడిగాడు, మేకపోతు ఎంత లావైందని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్న దగ్గరికి మాత్రం పోలేదు.

అలాంటివాడికి ఈ ఇరవై రోజులు దొరకడం ఒక రొట్టెల పీట పుణ్యం. రుస్తాఖ్ క్యాంపులో వంటమనిషికి ఒక పీట విరిగితే ఇస్తారి తన సరదాకు కొత్తది చేసి, అంచున చిలకల వరస చెక్కాడు. ఏదో పని మీద అక్కడికి వచ్చిన ఇనాయత్ ఆ చిలకలను చూశాడు. అదే నెలలో కార్ఖానాలో నగిషీ పని చేసే సియాల్‌కోట్ ముసలాయన చూపు ఆనక, పని మానేసి దేశం వెళ్ళిపోయాడు. అదే నెలలో బీబీ కుర్చీ వచ్చింది.

బీబీ అంటే బర్కాలో పెద్ద ఖర్జూరం తోట ఉన్న షంసా అనే ముసలావిడ. చిన్నప్పుడు జాంజిబార్‌లో పెరిగింది. పెళ్ళయ్యాక కైరోలో కొన్నాళ్ళు కాపురముంది. అక్కడ కొన్నది ఈ కుర్చీల జత. ఒమాన్ వచ్చాక ఒకదాన్ని తోటలో గోదాములో పెడితే చెదలు తిని, పిండి మిగిల్చాయి. ఇప్పుడు మనవరాలి పెళ్ళి. పెళ్ళికూతురు ఒకదాంట్లో, పెళ్ళికొడుకు ఒకదాంట్లో కూర్చోవాలని ఆమె పట్టుదల. కొత్త సోఫా కొనిస్తామని కొడుకులు ఎంత చెప్పినా వినలేదట.

మొదటి రెండు రోజులూ ఇస్తారి ఉలి ముట్టలేదు. కుర్చీ చుట్టూ తిరిగాడు. కింద పడుకుని చూశాడు. కళ్ళు మూసుకుని తడిమాడు. ఇనాయత్ పది గంటలకు ఒకసారి, చాయ్ వేళ ఒకసారి వచ్చి చూసిపోయాడు. రెండోనాటి సాయంత్రం ఉండబట్టలేక అన్నాడు.

“అరె మియా, కుర్చీకి మొక్కు ఏమన్న ఉన్నదా? ప్రదక్షిణం చేస్తున్నవ్.”

“కాలు దొరుకుత లేదు భాయ్.”

“నాలుగున్నయ్ గదా.”

“ఉన్నయ్. ఈ వంపు ఎందుకొచ్చిందో తెలిస్తేనే నా చెయ్యి ఒప్పుతది. ఉత్తగ గీత గీసి కోస్తే అది కాలు గాదు, వంకర కట్టె.”

ఇద్దరూ అలా నిలబడి ఉండగా కార్ఖానా గేటు ముందు నుంచి మేకలు పోతున్నాయి. అల్ హైల్ మేకలకు భయమూ భక్తీ ఉండవు. అట్టపెట్టెలు తింటాయి, సిమెంటు సంచులు నాకుతాయి, కారు బానెట్టు ఎక్కి నిద్రపోతాయి. వాటిలో ఒకటి గోడ మీదికి ఎగబోతూ వెనక కాళ్ళ మీద నిలబడింది. ఇస్తారి దాన్ని చూశాడు. కుర్చీని చూశాడు. మళ్ళీ మేకను చూసి, ఏమీ చెప్పకుండా గేటు దాటి దాని వెనకపడ్డాడు.

మేక ముందు నడిచింది, తర్వాత ఉరికింది. ఇస్తారి వంగి వంగి దాని వెనక కాళ్ళనే చూస్తూ రెండు సందులు తిరిగాడు. చివరికి ఒక ఇంటి గేటు దగ్గర దాన్ని పట్టుకుని, మోకాలి నుంచి గిట్ట దాకా వేళ్ళతో కొలుస్తుండగా, లోపలి నుంచి ఇంటావిడ బయటికి వచ్చింది. అరబ్బీలో ఆమె ఏమన్నదో ఇస్తారికి తెలియలేదు కానీ, ఏమనుకున్నదో తెలిసింది. పరుగున వచ్చిన ఇనాయత్ చేతులు జోడించినంత పని చేసి, వీడు దొంగ కాదు, వడ్రంగి, కుర్చీ కాలు కోసం మీ మేక కాలు చూస్తున్నాడు అని చెప్పాడు. అది విని ఆమెకు కోపం పోయి భయం పట్టుకుంది. మేకను లోపలికి లాక్కుని గడియ పెట్టుకుంది.

“నౌకరీ పోగొడుతవురా నాది,” అన్నాడు ఇనాయత్ రొప్పుతూ.

“దొరికింది భాయ్,” అన్నాడు ఇస్తారి. “ఆ రాజుకు మేకలున్నయ్. లేకపోతే జింకలన్న ఉన్నయ్. నరం గూడ చెక్కిండు సూడు కాలెంబడి.”

మరునాటి నుంచి ఉలి కింద చిప్పలు లేచాయి. ఐదేళ్ళ మేకుల కసి అంతా కట్టె మీద తీరింది. తెల్లారి ఆరింటికి డ్యూటీ మొదలైతే ఐదున్నరకే వచ్చి ఉలులు నూరుకునేవాడు. నాలుగు కాళ్ళు నాలుగు రోజుల్లో నిలబడ్డాయి. చేతుల మీది తీగలు ఇంకో ఐదు రోజులు. ఆ ఆకులు ఏ చెట్టువో అతనికి తెలియదు. అంచులు చీలి, కొసలు వెనక్కి మడతపడి ఉన్నాయి. ఇది మా దిక్కు ఆకు కాదులే అనుకుని, తెలియని ఊరి మనిషికి మర్యాద చేసినట్టు ఒక్కో ఈనె లెక్కపెట్టి ఉన్నది ఉన్నట్టు దింపాడు. మధ్యాహ్నం అన్నానికి పోతూ పోతూ ఇనాయత్ ఆగి, కొత్త ఆకు మీద బొటనవేలు రాసి, “హూఁ,” అనేవాడు. అంతకు మించి అనేవాడు కాదు. కానీ ఒకరోజు అతని పప్పు గిన్నె ఇస్తారి ముందుకు జరిగింది.

పద్దెనిమిదోనాడు మాత్రం ఇద్దరికీ చెడింది.

పాత కుర్చీ ముసలిది కదా, కొత్తది కూడా ముసలిదిగా కనపడాలి. అది ఇనాయత్ విద్య. చాయ్ డికాషన్ కాచి పట్టించాడు. బంగారు రంగు వేసి, ఆరాక, చెయ్యి తగిలే చోటల్లా గుడ్డతో అరగదీశాడు. అక్కడిదాకా ఇస్తారి పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు. అప్పుడు ఇనాయత్ మోటారు సైకిల్ చైను ఒకటి తెచ్చి, కాళ్ళ మీద అక్కడక్కడా కొట్టబోయాడు.

“ఏం జేస్తున్నవ్?” ఇస్తారి అడ్డం వచ్చాడు.

“ముప్పై ఏండ్ల దెబ్బలు. ముప్పై నిమిషాలల్ల కొట్టాలె. జరుగు.”

“కొత్త వస్తువును చైనుతోని కొడుతవా? పండుగపూట పిల్లను కొట్టినట్టు?”

“పాతదానికి ఉన్నయ్ గదా దెబ్బలు. అగో, ఆ వెనక కాలుకు మూడు పురుగు బొక్కలు గూడ ఉన్నయ్. అవి గూడ పెట్టాలె. సన్న బరమా తీస్కో, పెట్టు.”

ఇస్తారి చేతులు కట్టుకున్నాడు. “నేను పెట్ట. పుచ్చు కట్టెతోని వస్తువు జేసిండు అంటే మా దిక్కు వడ్లాయన గడప ఎవలు తొక్కరు. మా నాయిన ఒక్క బొక్క కనవడితే ఎడ్లబండి కట్టెను పొయ్యిలకు ఇచ్చిండు. మంచి కట్టెకు నా చేత్తోని పుచ్చు పెట్టమంటవా?”

“అయితే రుస్తాఖ్‌ల పుచ్చులేని మేకులు కొట్టుకో.”

ఇస్తారి కట్టుకున్న చేతులు విప్పి, ఒంటి మీది పొట్టు దులుపుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, “నేను చాయ్ తాగొస్త,” అన్నాడు. “నేను ఈడ లేనప్పుడు ఏం జరిగిందో నాకు తెల్వది.”

“ఎంతసేపు తాగుతవ్?”

“మూడు బొక్కలసేపు.”

తిరిగి వచ్చేసరికి కుర్చీకి ముప్పై ఏళ్ళు నిండాయి. ఇస్తారి ఆ వెనక కాలు వైపు చూడకుండానే చిప్పలు ఊడ్చుకున్నాడు. ఇనాయత్ కూడా చూపించలేదు.

ఇక మిగిలింది నెత్తిన పెట్టే గవ్వ. విడిగా చెక్కి, చట్రానికి బిగించాలి. ఎల్లుండి శనివారం సాయంత్రం బీబీ వస్తుంది. నడుమ శుక్రవారం సెలవు. కాబట్టి కట్టె ముక్కను, గవ్వ నకలు గీసుకున్న కాగితాన్ని రూముకు తెచ్చుకున్నాడు. శుక్రవారం పొద్దున రూము ముందు చాప వేసుకుని కూర్చున్నాడు. రూములో ఉండే దేవదాసు వంట చేస్తూ వచ్చి వచ్చి చూసిపోయాడు. దేవదాసుది కోరుట్ల, తాపీ పని, ఇస్తారిని బావా అంటాడు.

“బావా, నీ కాగితం మీది గవ్వ గా దిక్కు వాలింది. నువ్వు చెక్కేది గీ దిక్కు వాలుతున్నది.”

“వాలాలె మరి,” అన్నాడు ఇస్తారి తలెత్తకుండా. “అది దాపటిది. ఇది ఎలపటిది.”

దేవదాసు రైతు ఇంట్లో పుట్టినవాడు. ఇంకో మాట అడగలేదు. కాడికి ఎడమ పక్క కట్టేది దాపటెద్దు, కుడి పక్కది ఎలపటెద్దు. కట్టగా కట్టగా దాపటిది కుడివైపుకు, ఎలపటిది ఎడమవైపుకు మొగ్గడం అలవాటు చేసుకుంటాయి. వడ్లవాళ్ళ చేతికి కూడా అదే అలవాటు. దర్వాజకు అటొక చిలక ఇటొక చిలక చెక్కితే రెండూ ఒకదాని మొహం ఒకటి చూస్తాయి. మంచం తలకోళ్ళు, బండి నొగలు, కాడి కొసలు, పక్కపక్కన ఉండేవి ఏవి చేసినా అంతే. ఒకే దిక్కు చూసే రెంటిని పక్కపక్కన పెట్టడం ఇస్తారి తాత కాలంలో లేదు, తండ్రి కాలంలో లేదు. సేమ్ సేమ్ అని ఇనాయత్ చెప్పిన మాట అతను మరచిపోనూ లేదు. గవ్వకు ఎన్ని గాడులున్నాయో, అంచుకు ఎన్ని ముత్యాలున్నాయో అన్నీ సేమ్ సేమే చెక్కాడు. ఎటు వాలాలనేది మాత్రం ఎవరినీ అడగాల్సిన సంగతే కాదనుకున్నాడు.

శనివారం అందరికన్నా ముందు వచ్చి, గవ్వను చట్రానికి మేకు లేకుండా కట్టె చీలలతో, జిగురుతో బిగించి, బంగారు రంగు కోసం సిద్ధంగా ఉంచాడు. ఏడింటికి ఇనాయత్ వచ్చాడు. రంగు డబ్బా పట్టుకుని కొత్త కుర్చీ ముందు నిలబడ్డాడు. పాత కుర్చీని చూశాడు. డబ్బా కింద పెట్టి, ఒక స్టూలు లాక్కుని దాని మీద కూర్చున్నాడు.

“ఇస్తారీ.”

“ఏంది భాయ్?”

“ఉల్టా ఉన్నది.”

“ఉల్టా కాదు. ఎలపట.”

“అంటే?”

ఇస్తారి చెప్పాడు. ఎద్దుల సంగతి, కాడి సంగతి, చిలకల సంగతి. యాకుత్‌పురాలో పుట్టి పెరిగిన ఇనాయత్ నాగలి పట్టినవాడు కాదు. అంతా విని తల పట్టుకున్నాడు.

“ముసలామె ఎద్దులు అడిగిందా? కుర్చీ అడిగింది. సేమ్ సేమ్ అన్న. నా నోటితోని అన్న. తీస్తే వస్తదా?”

“రాదు. చీలలు దిగినయ్. తీస్తే చట్రం చీలుతది.” ఇస్తారి గవ్వ అంచును వేలితో నొక్కి చూశాడు. “మల్ల చెక్కుదామంటే రెండు రోజులు పడతది భాయ్.”

“సాయంత్రం నాలుగింటికి వస్తది.”

ఎలుగెత్తి తిడితే ఇస్తారికి కొంచెం బాగుండేది. ఇనాయత్ తిట్టలేదు. లేచి, డబ్బా మూత తీసి, ఉల్టా గవ్వకు బంగారు రంగు వేయడం మొదలుపెట్టాడు. “ఏసినంక గూడ ఉల్టానే ఉంటది,” అని ఒక్కసారి మాత్రం గొణిగాడు.

మధ్యాహ్నానికల్లా అతనికి ఒక ఉపాయం తట్టింది. ఒక కుర్చీ గేటు దగ్గర, ఇంకోటి కార్ఖానా ఆ చివర పెట్టి, నడుమ ఒక పెద్ద బీరువా నిలబెట్టాడు. “ఈడ ఒకటి చూస్తది. నడుచుకుంట ఆడికి పోయేసరికి ఇది ఎటు వాలిందో యాది ఉండదు. డెబ్బై ఏండ్ల మనిషి.”

నాలుగింటికి బీబీ షంసా వచ్చింది. నల్లటి అబాయా, బక్కపలచని మనిషి, చేతిలో కర్ర ఉంది కానీ దాన్ని ఊతానికి కాక చూపించడానికి వాడుతోంది. వెంట అర్బాబ్, అంటే కార్ఖానా యజమాని. ఆమె గేటు దగ్గరి పాత కుర్చీని చూసి తల ఊపింది. నడుచుకుంటూ కొత్తదాని దగ్గరికి పోయింది. కాళ్ళు తడిమింది. వంగి వెనక కాలు చూసి, మూడు పురుగు బొక్కల మీద వేలు పెట్టి కిచకిచ నవ్వింది. ఇనాయత్ మొహం వెలిగింది. తర్వాత ఆమె కర్రతో బీరువాను చూపించింది.

“యే కాయ్‌కో బీచ్ మే?” జాంజిబార్‌లో కచ్ దుకాణదారుల దగ్గర నేర్చిన హిందీ ఆమెది. “దోనో సాథ్ రఖో.” నడుమ ఇదెందుకు, రెంటినీ పక్కపక్కన పెట్టమని.

ఉపాయం అంతటితో అయిపోయింది. ఇనాయత్ ఇద్దరు మనుషులను పిలిచి రెండు కుర్చీలనూ నడుమకు తెప్పించాడు. కంగారులో ఏది ఎటు పెట్టాలన్న ఆలోచన లేదు. కొత్తది ఎడమకు, పాతది కుడికి వచ్చాయి. రెండు గవ్వలూ ఒకదానికొకటి మొహం తిప్పేసుకున్నాయి. ఆలుమగలు పొద్దున్నే ఏదో మాట అనుకుని, ఇక జన్మలో పలకమని ఒట్టు వేసుకున్నట్టు కూర్చున్నాయి.

బీబీ నవ్వు ఆగిపోయింది. ఆమె ఇటు చూసింది, అటు చూసింది. “యే దోనో కా ఝగడా హువా,” అన్నది నెమ్మదిగా. “షాదీ మే ఝగడా?” ఈ రెంటికీ కొట్లాటైంది, పెళ్ళిలో కొట్లాటా అని.

అర్బాబ్ ఇనాయత్ వైపు తిరిగి అరబ్బీలో రెండు ముక్కలన్నాడు. ఒకటి ‘బుక్రా’, రేపు అని. రెండోది రుస్తాఖ్.

గోడకు ఆనుకుని నిలబడిన ఇస్తారికి ఆ రెండు ముక్కలూ అర్థమయ్యాయి. అతనికి అరబ్బీ రాదు, హిందీ కూడా అప్పటికప్పుడు నోటికి రాదు. కానీ కళ్ళ ముందు ఉన్నదేమిటి? ఎవడో పని తెలియనివాడు దాపటెద్దును ఎలపట, ఎలపటెద్దును దాపట కట్టాడు. అలా కట్టిన కాడిని చూస్తూ ఊరుకున్న మనిషి వాళ్ళ ఊళ్ళో లేడు. ముందు భయం పోయింది, తర్వాత చిరాకు వచ్చింది. గోడ వదిలి విసవిసా నడిచి, అర్బాబ్‌ను “జర జరుగుండ్రి,” అని తెలుగులోనే పక్కకు తప్పించి, కొత్త కుర్చీని ఎత్తి కుడివైపు పెట్టాడు. పాతదాన్ని ఎత్తి ఎడమవైపు పెట్టాడు. రెంటి నడుమ జానెడు సందు ఉంచి, ముందు కాళ్ళు వరసకు వచ్చాయో లేదో ఒక కన్ను మూసి చూసి, వెనక్కి జరిగాడు.

రెండు గవ్వలూ ఒకదానివైపు ఒకటి ఒరిగాయి. తలలు దగ్గర పెట్టుకుని, పక్కవాళ్ళకు వినపడకుండా ఏదో చెప్పుకుంటున్నట్టు ఉన్నాయి. ఇందాకటి కుర్చీలే. అయినా చూస్తున్న పనివాళ్ళలో ఒకడు తెలియకుండానే సన్నగా ఈల వేశాడు.

బీబీ కదలలేదు. అర్బాబ్ ఆమె మొహం చూశాడు, ఇనాయత్ అర్బాబ్ మొహం చూశాడు, ఇస్తారి నేల చూశాడు. తర్వాత ఆమె భుజాలు అదరడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందేమోనని ఇనాయత్ ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె నవ్వుతోంది. కర్ర అర్బాబ్ చేతికిచ్చి, నవ్వుతూనే పోయి కొత్త కుర్చీలో కూర్చుంది.

ఆమె హిందీలో అరబ్బీ కలిపి చెప్పినదాన్ని ఇనాయత్ తర్వాత ఇస్తారికి విప్పి చెప్పాడు. కైరోలో కొన్న రెండు కుర్చీలూ ఒకే దిక్కుకు వాలి ఉండేవట. వాటిలో ఆమే, ఆమె భర్తా కూర్చుంటే, బస్సులో ముందు సీట్లో ఒకరు వెనక సీట్లో ఒకరు పోతున్నట్టు ఉండేదట. ముప్పై ఏళ్ళు అలాగే పోయామన్నది. ఆయన ఒక్కనాడు కూడా ఇటు తిరిగి మాట్లాడింది లేదన్నది. ఇప్పుడు తెలిసింది, తప్పు ఆయనది కాదు, కుర్చీది అన్నది.

“నా మనవరాలి మొగుడు ఇటు తిరగకపోతే,” అని ఇస్తారి వైపు వేలు చూపింది, “ఈ మేస్త్రీని పిలుస్తా.”

అప్పుడు అర్బాబ్ కూడా నవ్వాడు. నవ్వు ఆపుకుని, గొంతు సవరించుకుని, ఇనాయత్‌తో ఏదో అన్నాడు. ఇనాయత్ ఇస్తారి దగ్గరికి వచ్చి అతని చొక్కా భుజం మీది రంపపు పొట్టు దులిపాడు.

“ఏమన్నడు భాయ్?”

“రుస్తాఖ్‌కు నిన్ను కాదు, నీ పెట్టె కోసం బండి పంపుతడంట. ఈడనే ఉంటవ్. నగిషీ మేస్త్రీ.”

ఇస్తారి తల ఊపాడు. కొత్త కుర్చీ వెనక్కి పోయి, ఇన్నాళ్ళూ చూడని ఆ పురుగు బొక్కలను చూశాడు. “మంచిగనే పెట్టినవ్,” అన్నాడు కొంచెంసేపటికి.

“ఇంకో నాలుగు పెట్టనా?”

“ఒద్దు ఒద్దు.”

బీబీ ఆ సాయంత్రమే కుర్చీలు తన ఇంట్లో ఉండాలన్నది. పికప్ మీద పక్కపక్కన కట్టారు. కదలకుండా పట్టుకోవడానికి ఇస్తారి నడుమ నిలబడ్డాడు, ఎడమ చెయ్యి దాపటిదాని వీపు మీద, కుడి చెయ్యి ఎలపటిదాని వీపు మీద. ఇనాయత్ డ్రైవరు పక్కన కూర్చుని, ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా కిటికీలోంచి తల బయటపెట్టి “ధీరే, ధీరే,” అంటూనే ఉన్నాడు. సముద్రం వైపు నుంచి చల్లగాలి. రోడ్డుకు రెండు పక్కలా ఖర్జూరం తోటలు. ఎదురొచ్చే బండ్లలోని పిల్లలు అద్దాలకు ముక్కులు ఆనించి చూస్తున్నారు.

బర్కా రౌండబౌట్ దగ్గర బండ్లు ఆగాయి. పక్కకు ఒక కంపెనీ బస్సు వచ్చి నిలబడింది, డ్యూటీ దిగి క్యాంపుకు పోతున్న మనుషులతో. కిటికీలోంచి ఒక తలకాయ బయటికి వచ్చింది. ఇస్తారి మొహం చూసి మన దిక్కు మనిషే అని పోల్చుకున్నట్టుంది.

“అన్నా, ఏ రాజువి గా కుర్చీలు?”

“లూయీ అని ఉండె.”

“ఏడ కొన్నరు?”

“ఒకటి ఈజిప్టోళ్ళు జేసిన్రు. ఒకటి నేను జేసిన.”

ఇంకో నాలుగు తలలు కిటికీల్లోంచి వచ్చాయి. ఒకసారి ఈ కుర్చీని, ఒకసారి ఆ కుర్చీని చూశాయి. వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకున్నారు, ఒకరి మాట ఒకరు ఒప్పుకోలేదు. చివరికి మొదటివాడు చెయ్యి చాపి ఎడమవైపుదాన్ని, ఈజిప్టువాళ్ళు చేసినదాన్ని, చూపించాడు.

“గిది నీది. గా ఇంకోదాని కంటె గిదే మంచిగున్నది. నీ చెయ్యి మంచిదే అన్నా.”

ఇస్తారి నోరు తెరిచాడు. అంతలో బస్సు కదిలింది. పికప్ కూడా కదిలింది. రెండు కుర్చీల వీపుల మీద రెండు చేతులూ అలాగే ఉంచి, బీబీ తోట గేటు వచ్చేదాకా అతను నవ్వుతూనే ఉన్నాడు. ఎందుకు నవ్వుతున్నావని ఇనాయత్ కిటికీలోంచి రెండుసార్లు అడిగాడు. గాలికి వినపడలేదు.